శ్రుతి చెడకుండా

మీ ఇంట్లో కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో వినిపించే పాటల వెనకాల చాలావరకు రెండు సంఖ్యల్లో ఏదో ఒకటి ఉంటుంది: 44,100 లేదా 48,000. సెకనుకి అన్నిసార్లు ధ్వనిని కొలిచి, ఆ కొలతల్ని వరసగా రాసి దాచారని వాటి అర్థం. ఒక్కొక్క కొలతనీ శాంపిల్ అంటారు, సెకనుకి ఎన్ని కొలతలో చెప్పే సంఖ్యని శాంపిల్ రేటు అంటారు. సీడీలది మొదటి సంఖ్య. టెలివిజన్, వీడియో, ఫోన్లలో రికార్డింగులకి ఎక్కువగా రెండోది. ఒక లెక్కలో ఉన్న పాటని రెండో లెక్కలోకి మార్చడం చూడ్డానికి గుమాస్తా పనిలాగే ఉంటుంది. ఆ పనికి ఎనభై ఏళ్ళు పైబడిన చరిత్ర ఉంది. అందులో మన తెలుగు గొంతుల బాగోగులు కూడా ఇమిడి ఉన్నాయి.

మార్చకుండా వదిలేస్తే ఏమవుతుంది? 44,100 లెక్కన కొలిచిన పాటని 48,000 లెక్కన వినిపిస్తే నూటికి దాదాపు తొమ్మిది వంతులు వేగంగా పరుగెడుతుంది. మూడు నిమిషాల పాట పదిహేను సెకన్లు ముందే ముగుస్తుంది. అంతటితో పోదు, శ్రుతి కూడా పైకి లేస్తుంది. హార్మోనియం భాషలో చెప్పాలంటే, ఒకటి శ్రుతిలో పాడినావిడ ఒకటిన్నరకీ రెండుకీ మధ్య, ఏ మెట్టుకీ అందని చోట పాడుతున్నట్టు వినిపిస్తుంది. గొంతు పీలబడుతుంది. పాడిన మనిషి మారిపోయినట్టే ఉంటుంది.

ఈ గొడవ నాకెందుకంటారా? నేను కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసి, పొట్టకూటికి కంపెనీలకి సాఫ్ట్‌వేరు సలహాలిచ్చే కన్సల్టెంటుని. కాపురం లండన్ తూర్పున, ఈస్ట్ హామ్‌లో. తీరిక దొరికిన శనాదివారాల్లో ఒక చిన్న లినక్స్ పంపిణీకి, శాంపిల్ రేటు మార్చే ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ తాలూకు ప్యాకేజీని చూసుకుంటాను. ఆ లైబ్రరీ రాసింది నేను కాదు. వంట వాళ్ళది, క్యారేజీ కట్టడం నాది. కొత్త వెర్షను వచ్చినప్పుడల్లా దాన్ని తెచ్చుకుని, రకరకాల ప్రాసెసర్ల మీద కట్టి చూసి, పరీక్షలు పెట్టి, దాని మీద ఆధారపడ్డ మిగతా ప్రోగ్రాములు కూలిపోవని నిర్ధారణ చేసుకుని, జనానికి అందేలా సర్దడం నా పని. జీతం లేదు. వండుకున్నమ్మకి ఒకటే కూర, అడుక్కున్నమ్మకి అరవై కూరలు అన్నట్టు, వాడుకునేవాళ్ళకి మాత్రం వైభోగమే.

ధ్వని సంఖ్యగా మారిన రోజు

ఈస్ట్ హామ్ అనగానే మనవాళ్ళకి హై స్ట్రీట్ నార్త్ మీద దోసెల హోటళ్ళు, కరివేపాకూ గోంగూరా దొరికే కొట్లు, గుళ్ళు గుర్తుకొస్తాయి. 2000ల మొదట్లో వచ్చిన మాలాంటి వాళ్ళకైతే ఇండియాకి మాట్లాడుకునే ఫోన్ కార్డులు కూడా. అదే పేటలో 474 నంబరు బస్సెక్కి దక్షిణంగా థేమ్స్ నది ఒడ్డుకి వెళితే నార్త్ ఉలిచ్, దాని పక్కన సిల్వర్‌టౌన్ వస్తాయి. ఈస్ట్ హామ్, వెస్ట్ హామ్ కలిసి 1965లో న్యూహామ్ అయినప్పుడు ఈ నదీతీరం కూడా అందులోకే వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో సిల్వర్‌టౌన్‌లో ఇండియా రబ్బర్, గట్టాపర్చా అండ్ టెలిగ్రాఫ్ వర్క్స్ అనే పొడుగాటి పేరున్న కంపెనీ, చెట్ల పాలతో తొడుగులు వేసి, సముద్రాల అడుగున పరిచే తంతితీగలు తయారుచేసేది. నార్త్ ఉలిచ్‌లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళ ఫ్యాక్టరీ ఉండేది. అదే తరవాత స్టాండర్డ్ టెలిఫోన్స్ అండ్ కేబుల్స్ అయింది. 1925లో అమెరికాకి చెందిన ఐటీటీ సంస్థ ఆ వ్యాపారాన్ని కొనుక్కుంది.

ధ్వనిని సంఖ్యలుగా మార్చి పంపాలన్న ఊహ ఈ కంపెనీల కుటుంబంలోనే పుట్టింది. అలెక్ రీవ్స్ అనే ఆంగ్లేయ ఇంజనీరు 1937లో ఐటీటీ వారి ప్యారిస్ ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు. అప్పటి టెలిఫోన్లలో గొంతు తీగ వెంబడి అలలాగే ప్రయాణించేది. దూరం వెళ్ళేకొద్దీ నీరసించేది. మధ్యమధ్య బలం పట్టించే యంత్రాలు పెడితే, గొంతుతోపాటు దారిలో చేరిన గరగర కూడా బలిసేది. ఒక నోటి నుంచి ఇంకో నోటికి కబురు మారుతూ పోయినట్టన్నమాట. రీవ్స్ ఏమన్నాడంటే, అలని పంపొద్దు, క్షణక్షణం దాని ఎత్తు కొలిచి ఆ కొలతని సంఖ్యగా పంపుదాం. సంఖ్యకి గరగర అంటినా అదే సంఖ్య అని పోల్చుకోగలిగినంత కాలం, మధ్య మజిలీలో మళ్ళీ శుభ్రంగా తిరగరాసి పంపొచ్చు. 1938లో ఫ్రాన్సులో పేటెంటుకి దరఖాస్తు పెట్టారు. అమెరికా పేటెంటు 1942లో వచ్చింది. అప్పటి గాజు వాల్వులతో అది ఖరీదైన వ్యవహారం. ట్రాన్సిస్టరు వచ్చాకే ఆ ఊహకి కాళ్ళొచ్చాయి. 1969లో బ్రిటిష్ తపాలా శాఖ ఈ పద్ధతి మీద ఒక స్టాంపు కూడా వేసింది.

సెకనుకి ఎన్నిసార్లు కొలిస్తే సరిపోతుంది? దీనికి జవాబు నలుగురు విడివిడిగా కనిపెట్టారు. ఎడింబరోలో విట్టేకర్ 1915లో గణితం వైపు నుంచి, అమెరికాలో నైక్విస్ట్ 1928లో తంతి వైపు నుంచి, రష్యాలో కొటెల్నికోవ్ 1933లో, మళ్ళీ అమెరికాలో షానన్ 1949లో. సారాంశం ఒక్కటే: ధ్వనిలో ఉన్న అతి వేగవంతమైన కంపనం కన్నా రెట్టింపుకి మించి కొలిస్తే చాలు, ఏమీ పోదు. కొలతకీ కొలతకీ మధ్య అల ఎలా వంపు తిరిగిందో కూడా ఆ కొలతల్లోంచే తిరిగి రాబట్టుకోవచ్చు.

టెలిఫోన్లవాళ్ళు పొదుపు కోసం సెకనుకి 8,000 కొలతలతో సరిపెట్టుకున్నారు. అంటే 4,000 దాటిన కంపనాలు తీగ ఎక్కవు. నిజానికి 3,400 దగ్గరే కోసేసేవారు. మన స, శ అక్షరాల బుసలో చాలా భాగం ఆ పైనే ఉంటుంది. ఫోన్ కార్డు గీకి మాట్లాడిన రోజుల్లో అవతల అమ్మ ‘శీను’ అంటోందో ‘సీను’ అంటోందో చెవికి తెలిసేది కాదు, అలవాటు మీద పోల్చుకునేవాళ్ళం. దానికి కారణం కార్డు అమ్మిన కొట్టువాడు కాదు, ఈ 8,000.

టీవీ పెట్టిన లెక్క

మనిషి చెవి దాదాపు 20,000 కంపనాల దాకా వింటుంది. కాబట్టి సంగీతానికి 40,000 పైన కొలతలు కావాలి. మరి 44,100 అనే వింత సంఖ్య ఎక్కడ్నుంచి ఊడిపడింది? 1970ల చివర్లో అన్ని కొలతల్ని నిలవ చెయ్యగల చవకైన సాధనం వీడియో టేపు ఒక్కటే. సోనీ కంపెనీ ధ్వని కొలతల్ని నలుపు తెలుపు చుక్కలుగా మార్చి, టీవీ బొమ్మలా వీడియో టేపు మీద ఎక్కించింది. అమెరికా, జపాను పద్ధతి టీవీలో సెకనుకి 60 క్షేత్రాలు, ఒక్కోదాంట్లో పనికొచ్చే గీతలు 245, గీతకి మూడు కొలతలు. యూరపు పద్ధతిలో 50 క్షేత్రాలు, 294 గీతలు, గీతకి అవే మూడు. గుణించి చూడండి, రెండు చోట్లా 44,100 వస్తుంది. 1982లో సీడీ బజారులోకి వచ్చినప్పుడు అదే సంఖ్య వెంట వచ్చింది. ఆ వీడియో యంత్రాలు పాతసామాన్ల కొట్లకి చేరి ఎన్నేళ్ళయిందో, వాటి సంఖ్య మాత్రం మన ఇళ్ళలో ఇంకా కాపురం చేస్తోంది.

ప్రసార సంస్థలవాళ్ళకి 48,000 నచ్చింది. సినిమా 24 ఫ్రేములకైనా, యూరపు టీవీ 25కైనా అది నిశ్శేషంగా భాగించబడుతుంది. 1987లో వచ్చిన డాట్ టేపులు కూడా దాన్నే పట్టుకున్నాయి. ఇలా ఎవరి సౌకర్యం వాళ్ళు చూసుకుని రెండు లెక్కలు స్థిరపరిచి వెళ్ళిపోయారు. ఆ రెంటికీ పొత్తు కుదర్చడం తరవాత వచ్చినవాళ్ళ నెత్తిన పడింది.

పొత్తు ఎలా కుదురుతుంది? రెంటినీ 300తో భాగిస్తే 147, 160 మిగులుతాయి. సీడీలోని ప్రతి 147 కొలతల చోటా 160 కొలతలు నిలబెట్టాలి. అంటే ఎవరూ కొలవని క్షణాల్లో అల ఎత్తు ఎంతో చెప్పాలి. పక్కపక్క రెండు కొలతల మధ్య రూళ్ళకర్రతో గీత గీసి ఎత్తు చదివితే పని తొందరగా అవుతుంది గాని, ధ్వనికి గరుకుదనం వస్తుంది. సరైన పద్ధతిలో ముందు వెనకల కొలతలన్నిటికీ తలా ఒక తూకం ఇచ్చి కలపాలి. సిద్ధాంతం ప్రకారం ‘అన్నిటికీ’ అంటే అనంతం. మనకి అంత తీరిక లేదు కనక ఎక్కడో ఒకచోట కొయ్యాలి. ఎక్కడ కోశాం, ఎంత నున్నగా కోశాం అన్నదాంట్లోనే ఈ లైబ్రరీల గొప్పదనం అంతా ఉంది.

ఎక్కువ రేటు నుంచి తక్కువ రేటుకి దిగేటప్పుడు ఇంకో గండం ఉంది. పాత సినిమాల్లో జట్కాబండి ముందుకి పోతుంటే చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, గమనించారా? కెమెరా చాలినన్ని సార్లు చూడకపోవడం వల్ల వచ్చిన భ్రమ అది. ధ్వనిలోనూ అంతే. సీడీ పాటని ముందుగా వడకట్టకుండా 8,000 లెక్కకి దించితే, తాళాల మోతలో ఉన్న 6,000 కంపనం 2,000 కంపనంగా వేషం మార్చుకుని పాట మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. అది ఎవరూ పాడని స్వరం. ఒకసారి కలిసిపోయాక దాన్ని ఏరి పారెయ్యడం ఎవరి తరమూ కాదు.

కుందేలు పేరు పెట్టుకున్న లైబ్రరీ

ఈ తూకాలని ముందే పట్టికగా రాసి పెట్టుకుని, ఏ రేటు నుంచి ఏ రేటుకైనా మార్చగలిగే ఉపాయాన్ని 1984లో జూలియస్ స్మిత్, ఫిల్ గాసెట్ ప్రకటించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్మిత్ దాని కోడ్‌ని దాచుకోకుండా అందరికీ ఇచ్చాడు. 1991లో లాన్స్ నార్స్‌కోగ్ మొదలుపెట్టిన సాక్స్ అనే ధ్వని పనిముట్ల పెట్టె ఇంకో దారి వేసింది. 2002లో ఆస్ట్రేలియాకి చెందిన ఎరిక్ డి కాస్ట్రో లోపో ‘సీక్రెట్ రాబిట్ కోడ్’ అనే లైబ్రరీ విడుదల చేశాడు. శాంపిల్ రేట్ కన్వర్టర్ అన్న మాటల్లోని ఎస్, ఆర్, సీ అక్షరాలకి సరదాగా తగిలించిన పేరది. లోకం వాడుకలో దాని పేరు లిబ్‌శాంపిల్‌రేట్. నాణ్యతకి మూడు మెట్లు, తొందరపడేవాళ్ళకి రెండు అడ్డదారులు, మొత్తం అయిదు పద్ధతులు అందులో ఉన్నాయి. స్పీక్స్ అనే మాటల కోడెక్ రాసిన జాన్ మార్క్ వాలిన్ ఇంకొకటి, రాబ్ సైక్స్ సాక్సార్ అనే మరొకటి తెచ్చారు. లినక్స్ మీద సంగీతం వినేవాళ్ళు, తెలిసినా తెలియకపోయినా, వీళ్ళలో ఎవరో ఒకరికి రుణపడి ఉంటారు.

చరిత్ర పుస్తకాలు సాధారణంగా విడుదల తేదీతో ఆగిపోతాయి. ఓపెన్ సోర్స్‌లో అసలు చరిత్ర అక్కడే మొదలవుతుంది. ఎరిక్ తన లైబ్రరీని మొదట జీపీఎల్ లైసెన్సు కింద ఇచ్చాడు. తమ కోడ్ బయటపెట్టడం ఇష్టం లేని కంపెనీలు విడిగా డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. పని చేసేవాడికి నాలుగు డబ్బులు రాలడానికి అదొక న్యాయమైన మార్గమే. 0.1.8 వెర్షను 2011లో వచ్చింది. దాని తరవాతి 0.1.9 రావడానికి అయిదేళ్ళు పట్టింది. 2016లో వచ్చిన ఆ వెర్షనుతో, ఎవరైనా ఎలాగైనా వాడుకోండి అనే బీఎస్‌డీ లైసెన్సుకి మారిపోయింది. 2021లో వచ్చిన 0.2 నాటికి పని కొత్త చేతుల్లోకి చేరింది. బయటి నుంచి చూస్తే ఇవి నాలుగు వెర్షను నంబర్లు. నాకు మాత్రం ఒక మనిషి దాదాపు ఇరవయ్యేళ్ళు మోసి భుజం మార్చుకున్న కావడి కనిపిస్తుంది.

ఆ మధ్య అయిదేళ్ళూ లైబ్రరీ చెడిపోయిందా? లేదు. గణితం చెడదు. కాని దాని చుట్టూ ఉన్న లోకం కదులుతూనే ఉంటుంది. కంపైలర్లు మారతాయి, కొత్త ప్రాసెసర్లు వస్తాయి. నాకు తగిలిన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఒక పరీక్ష 64 బిట్ల యంత్రం మీద నెగ్గి, పాత 32 బిట్ల ఇంటెల్ యంత్రం మీద తప్పింది. రెండు రాత్రుళ్ళు వెతికితే తేలిందేమిటంటే, ఆ పాత ప్రాసెసరు లెక్కల మధ్యలో దశాంశ సంఖ్యల్ని 64 బిట్లకి బదులు 80 బిట్లతో పట్టుకుంటుంది. మరీ ఎక్కువ కచ్చితంగా లెక్క కట్టినందుకు జవాబు పరీక్షవాళ్ళు ఊహించిన గీత దాటింది. దిద్దడానికి ఒక్క వాక్యం చాలింది. ఆ వాక్యం ఎక్కడ రాయాలో తెలుసుకోవడమే రెండు రాత్రుళ్ళ పని.

అక్షరాలకీ ఇదే కథ

ఇదంతా మనకి సంబంధం లేని దొరల గోల అనుకోకండి. మార్పిడి పనిముట్ల విలువ తెలుగువాళ్ళకి తెలిసినంతగా తక్కువమందికి తెలుసు. 1990ల మొదట్లో రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ ఇంగ్లీషు మీటల మీద తెలుగు రాసే ఆర్టీయస్ పద్ధతి చేసి ఊరికే ఇచ్చారు. ప్రవాసంలో తొలినాటి తెలుగు కబుర్లు చాలా ఆ లిపిలోనే నడిచాయి. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లని ఉచితంగా అందించారు. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నాటికే చోటున్నా, పత్రికలవాళ్ళు చాలా ఏళ్ళపాటు ఎవరి ఫాంటు వాళ్ళదిగా నడిపారు. ఒక పత్రికలో ‘అమ్మ’ అని రాసింది ఇంకో ఫాంటులో పిచ్చిగీతలుగా కనిపించేది. ఆ గీతల్ని చదివే తెలుగుగా మార్చిన సాధనం వెన్న నాగార్జున రాసిన పద్మ. ఫైర్‌ఫాక్స్‌లో తగిలించుకుంటే పాత ఫాంటు పేజీలు యూనికోడ్‌లో కనిపించేవి.

అక్షరాలు ఎక్కడికీ పోలేదు, వాటిని చదివే తాళంచెవి మారింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వెర్షను పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టింది. ఎవరో ఒకరు కూర్చుని కొత్త పద్ధతిలో తిరగరాస్తే తప్ప ఏ ఎక్స్‌టెన్షనుకీ మనుగడ లేకపోయింది. కోడ్ రాయడానికి ఒక మనిషి ఉత్సాహం చాలు. నిలబెట్టడానికి మాత్రం మనిషి తరవాత మనిషి కావాలి.

మైనం నుంచి సంఖ్యల దాకా

ఇప్పుడు మన గొంతుల సంగతికి వద్దాం. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో ఇండియా వచ్చి రికార్డింగులు మొదలుపెట్టాడు. 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ పెట్టేదాకా మన పాటలు జర్మనీలో హానోవర్ దాకా వెళ్ళి, లక్క రికార్డులై ఓడలో తిరిగొచ్చేవి. గ్రియర్సన్ నడిపిన భారత భాషల సర్వేకి అనుబంధంగా 1913–1929 మధ్య మన దేశపు భాషల్ని గ్రామఫోన్ మీద పట్టారు. తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకు కథని ఒక్కో భాషలో చెప్పించారు. అందులో తెలుగూ ఉంది. ఆ రికార్డుల్ని షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు సంఖ్యలుగా మార్చి అందరికీ వినిపించారు. వందేళ్ళ నాటి మన మాట ఎలా ఉండేదో వినాలంటే మనకి మిగిలిన కొద్ది ఆధారాల్లో అదొకటి.

ఈ పాత రికార్డులతో చిక్కు అంకెల దగ్గరకి రాకముందే మొదలవుతుంది. 78 రికార్డు అంటాం గాని, తొలినాళ్ళలో తిప్పిన వేగం నిమిషానికి 70 నుంచి 80 పైదాకా ఎటైనా ఉండేది. తరవాత స్థిరపడ్డాక కూడా అమెరికా కరెంటు లెక్కన 78.26, యూరపు కరెంటు లెక్కన 77.92. ఆ రెంటి మధ్య తేడా చెవికి అందదు. కాని 72 దగ్గర కోసిన రికార్డుని 78 దగ్గర తిప్పితే నాటక పద్యం పాడిన మహానుభావుడు హార్మోనియం మెట్టు దాటి పైకి పోతాడు. ఆయన శ్రుతి ఎంతో రాసిపెట్టినవాళ్ళు లేకపోతే, ఇక విన్నదే నిజమైపోతుంది.

అందుకే అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం వాళ్ళు ఇలాంటివాటిని కనీసం 48,000, వీలైతే 96,000 కొలతలతో, 24 బిట్ల లోతుతో ఎక్కించమంటారు. దాచుకోవడానికి 96,000 బాగుంటుంది. వినేవాడి దగ్గరికి వచ్చేసరికి సీడీకి 44,100, ఫోనుకి 48,000 కావాలి. 96,000 నుంచి 44,100కి దిగాలంటే 320 కొలతల చోట 147 రావాలి. అంటే ప్రతి పాత గొంతూ జనం చెవిని చేరేలోపల ఒక్కసారైనా ఇలాంటి లైబ్రరీ చేతుల్లోంచి నడుస్తుంది. అక్కడ వడపోత సరిగ్గా లేకపోతే, లక్క మీద నూరేళ్ళు బతికిన గొంతుకి కంప్యూటరులో మచ్చ పడుతుంది.

ఇళ్ళలో ఉన్న సరుకు ఇంతకన్నా పెద్దది. ఈస్ట్ హామ్‌లో నాకు తెలిసిన తెలుగు ఇళ్ళలో అటకల మీద క్యాసెట్లున్నాయి. పెళ్ళిళ్ళలో పాటలు, తాతగారి పురాణం, ఉత్తరం రాయడం రాని అమ్మమ్మలు మాట్లాడి పంపిన కబుర్లు. ఒక పెద్దాయన చనిపోయిన తల్లి పాడిన మంగళహారతుల క్యాసెట్టుని ఎక్కడో దుకాణంలో ఇచ్చి సీడీ చేయించుకున్నారు. ఆ సీడీలోంచి వాళ్ళబ్బాయి ఫైలు తీశాడు, ఆ ఫైలు నాలుగు చేతులు మారింది. చివరికి నా దగ్గరికి తెచ్చి, “మా అమ్మ గొంతు ఇంత పీలగా ఉండేది కాదు బాబూ. అందరూ బాగానే ఉందంటున్నారు. నాకే మతిమరుపొచ్చిందా?” అని అడిగారు. ఆయన మతికేమీ కాలేదు. కొలతలు సీడీవే, సెకనుకి 44,100. ఫైలు నెత్తిన చీటీ మాత్రం 48,000 అని ఉంది. దారిలో ఏదో ప్రోగ్రాము పాట మార్చకుండా చీటీ మార్చింది. దీనికి మార్పిడి అక్కర్లేదు, చీటీ దిద్దితే చాలు. దిద్ది వినిపించాను. ఆయన పాట మొత్తం విని, “ఇది మా అమ్మ” అన్నారు, అంతే.

అలాంటి ఫైలుని ఎవరైనా ‘సరిచేద్దామని’ మళ్ళీ 44,100కి మార్చి, మూలం చెరిపేస్తే ఆ పీలగొంతే శాశ్వతమయ్యేది. తల్లి గొంతు గుర్తున్న చివరి మనిషి కూడా వెళ్ళిపోయాక, తప్పని చెప్పేవాళ్ళే ఉండరు. శాంపిల్ రేటు అనే ఈ నీరసమైన విషయంలో నాకు కనిపించే ప్రమాదం ఇదే.

అనాథలు, దత్తతలు

దాచిన చోటు గట్టిదైతే చాలదా అనొచ్చు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. అంత పెద్ద సంస్థ ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి మూలపడ్డాయి, శబ్ద భాండాగారం తలుపులు కూడా మూతపడ్డాయి. ఇక మా చిన్న లోకంలో, 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళు కుదించే లైబ్రరీలో దొంగదారి బయటపడింది. దాన్ని ఏళ్ళ తరబడి ఒంటరిగా మోసిన మనిషి అలసిపోయి ఉన్న సమయం చూసి, సాయం చేస్తానంటూ వచ్చిన అజ్ఞాత వ్యక్తి రెండేళ్ళకి పైగా నమ్మకం సంపాదించుకుని, ఆ దారి తవ్వాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి అరసెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానపడి తీగ లాగితే డొంక కదిలింది. లేకపోతే ప్రపంచంలోని లెక్కలేనన్ని సర్వర్లలోకి ఆ దొంగదారి చేరేది. పదేళ్ళ ముందు, 2014లో, హార్ట్‌బ్లీడ్ అన్న లోపం బయటపడ్డప్పుడూ తేలింది ఇదే: అందరూ వాడేదాన్ని చూసుకునేవాళ్ళు గుప్పెడుమంది.

డెబియన్ లినక్స్‌లో ఒక ఆచారం ఉంది. చూసుకునేవాళ్ళు లేని ప్యాకేజీని ‘అనాథ’ అని ప్రకటిస్తారు. ఎవరైనా ముందుకొచ్చి తీసుకుంటే ‘దత్తత’ అంటారు. ఇంగ్లీషు మాటలే గాని, మన ఇళ్ళ భాషలాగే వినిపిస్తాయి. ఆ అనాథల జాబితా ఎప్పుడూ ఖాళీగా ఉండదు. హైదరాబాదులోనూ, న్యూజెర్సీలోనూ, ఇక్కడ లండన్‌లోనూ కోడ్ రాసి బతుకుతున్న తెలుగువాళ్ళు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. అవి వాడనివాడు మనలో లేడు. దత్తత తీసుకున్నవాళ్ళ పేర్లలో మన ఇంటిపేర్లు మాత్రం వెతుక్కోవలసి వస్తోంది. సభలకీ శాలువాలకీ చందాలివ్వడం మనకి చేతనవును. నెలకి రెండు శనివారాలు ఒక చిన్న లైబ్రరీకి ఇవ్వడం అంతకన్నా కష్టమేమీ కాదు.

కోడ్ రాయనివాళ్ళకి కూడా చెయ్యగలిగింది ఉంది. క్యాసెట్టు ఎక్కించాక పారెయ్యకండి. మొదట ఎక్కించిన ఫైలుని తాకకుండా పక్కన పెట్టి, మార్పులన్నీ నకలు మీదే చెయ్యండి. దాంతోపాటు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాయండి: పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ రేటుతో ఎక్కించారు. పాడినవారి శ్రుతి మీ ఇంట్లో ఎవరికైనా తెలిస్తే, అదీ రాయండి. మా పరీక్షల్లో వాడే శుద్ధ స్వరాలకి సరైన జవాబు ముందే తెలుసు. మీ అమ్మమ్మ గొంతుకి సరైన జవాబు మీ దగ్గరే ఉంది.